మూడు పొరల కింద రీపర్లు: ఒక పాత కేప్ కాడ్ ఇంటి షింగిల్స్ తొలగింపు

నేపథ్యం

అమెరికాలోని సెంట్రల్ న్యూజెర్సీలో 1940ల చివర కట్టిన కేప్ కాడ్ ఇల్లు ఇది, అంటే ఏటవాలు కప్పు కింద ఒకటిన్నర అంతస్తులుండే చిన్న ఇల్లు. దాని కప్పు మీది పాత షింగిల్స్ (ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచే పలుచని ముక్కలు) తీసి కొత్తవి వేసిన పని గురించి ఇది. కింది అంతస్తు 36 అడుగులకు 26 అడుగులు. పైన అటకనే రెండు పడక గదులుగా మలిచారు. అందుకే ఆ గదుల సీలింగ్ కొంతమేర కప్పుతో పాటే వాలుగా దిగి నాలుగడుగుల పొట్టి గోడ దగ్గర ఆగుతుంది. ఆ గోడ వెనక చూరు దాకా మనిషి పాక్కుంటూ వెళ్లేంత చోటు ఉంది. ముందు వాలులో రెండు చిన్న డార్మర్లు (కప్పులోంచి పొడుచుకొచ్చిన కిటికీ కట్టడాలు), వెనక వాలు నడుమ 36 అంగుళాల వెడల్పు ఇటుక చిమ్నీ. కప్పు వాలు 9:12, అంటే అడ్డంగా 12 అంగుళాలు వెళ్తే 9 అంగుళాలు పైకి లేస్తుంది. చూరు గోడ దాటి 10 అంగుళాలు బయటికి వచ్చింది. చూరు నుంచి కొప్పు దాకా వాలు పొడవు సుమారు 17 అడుగుల 3 అంగుళాలు. డార్మర్లతో కలిపి మొత్తం 14 స్క్వేర్లు. రూఫింగ్ వాళ్ల లెక్కలో స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు.

ఇంటివాళ్లు తెలుగు దంపతులు. వాళ్లను, ఇంటిని గుర్తుపట్టగల వివరాలు వదిలేశాం. బయటినుంచి చూస్తే ఇది రెండు రోజుల్లో తేలిపోయే మామూలు పని. పొరలు లెక్కపెట్టాక మాత్రం బరువు, డెక్ (షింగిల్స్ కింద ఉండే చెక్క తలం), పనిముట్లు, చివరికి ఏ దిక్కునుంచి పీకాలన్నది కూడా మారిపోయింది.

వచ్చిన సమస్య

రెండు ఫిర్యాదులు. మొదటిది, గాలివాన కొట్టినప్పుడల్లా వెనక పడక గది వాలు సీలింగ్ మీద గోధుమరంగు మరక పెద్దదవుతోంది. మరక చిమ్నీకి నాలుగడుగులు దిగువన, కాస్త పక్కకు ఉంది. రెండోది, చలికాలంలో ముందు చూరున మంచు గడ్డకట్టి, కరిగే రోజుల్లో కిటికీ పైన చెమ్మ కనిపిస్తోంది.

అంతకుముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. చిమ్నీ చుట్టూ రూఫింగ్ తారు పూశారు, ఒక చలికాలం దాటాక అది పగిలింది. తర్వాత గాలికి లేచిపోయిన పన్నెండు షింగిల్స్ మార్చారు. వాటిలో సగం మరుసటి తుఫానుకే మళ్లీ లేచాయి. అందరూ తారు గురించే మాట్లాడారు గాని అసలు ఆనవాలు ఈ రెండోదే. కొత్త షింగిల్, కొత్త మేకు, అయినా పట్టు లేదంటే లోపం షింగిల్‌లో లేదు, మేకు దిగిన చోట ఉంది.

తర్వాత ముగ్గురు కాంట్రాక్టర్లు ఎస్టిమేట్లు ఇచ్చారు. ముగ్గురూ శాటిలైట్ లేదా డ్రోన్ కొలతతోనే లెక్క కట్టారు. ఇద్దరు ఒక పొర తొలగింపు అని రాశారు. మూడో ఆయన పాతవి అలాగే ఉంచి పైన కొత్తవి వేస్తానన్నాడు, రేటు బాగా తక్కువ. ఇంటాయన అడిగింది సహజమైన ప్రశ్నే: “పాతవాటి మీదే ఇంకో వరస వేసేస్తే అయిపోతుంది కదండీ? పీకడం ఎందుకు?”

పొరల లెక్క

డ్రోన్‌తో వైశాల్యం తెలుస్తుంది, మందం తెలియదు. మామూలుగా పొరలు లెక్కపెట్టేది రేక్ దగ్గర, అంటే త్రికోణపు గోడ మీద కప్పు ముగిసే ఏటవాలు అంచున. ఈ ఇంట్లో ఆ అంచు మొత్తాన్ని ఎవరో అల్యూమినియం రేకుతో చుట్టేశారు, పొరలు కనబడవు. ముగ్గురూ ఒకటే రాయడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

అందుకని ముందు లోపలినుంచి చూశాం. పొట్టి గోడకున్న చిన్న తలుపు రంగు మీద రంగు పడి చౌకట్టుకు అతుక్కుపోయింది, పుట్టీ కత్తితో చుట్టూ గీసి తెరవాల్సి వచ్చింది. లోపల టార్చ్ వేస్తే ప్లైవుడ్ లేదు, పలకల డెక్ కూడా లేదు. వాసాల మీద అడ్డంగా 1×4 పట్టీలు, అసలు కొలతలో మూడున్నర అంగుళాల వెడల్పువి, 5 అంగుళాలకొకటి చొప్పున కొట్టి ఉన్నాయి. మన పెంకుటింటికి రీపర్లు కొట్టినట్టే. ప్రతి రెండు పట్టీల మధ్య ఒకటిన్నర అంగుళాల సందు, ఆ సందుల్లో నల్లబడిన దేవదారు షింగిల్స్ అడుగుభాగం, వాటిలోంచి పొడుచుకొచ్చిన తుప్పు మేకుల మొనలు. 16 అంగుళాల దేవదారు షింగిల్‌ను 5 అంగుళాలు బయటికి కనబడేలా పరుస్తారు, అందుకే పట్టీల దూరం కూడా సరిగ్గా అంతే. ఇల్లు కట్టినప్పటి కప్పు అదన్నమాట. ఒక వాసం పక్కన చిమ్నీ వైపు నుంచి నల్లటి నీటి చార దిగి, సరిగ్గా సీలింగ్ మరక పైన ఆగింది.

పైనుంచి ధ్రువీకరించుకోవడానికి ఎండ రోజు చూసుకుని కొప్పు దగ్గర 6 అంగుళాల చదరపు కోత ఒకటి పెట్టాం. పైన త్రీ-ట్యాబ్ ఆస్ఫాల్ట్ (కింది అంచున మూడు రెక్కలుగా కోసిన తారు షింగిల్), కింద ఇంకో పాత త్రీ-ట్యాబ్, దాని కింద దేవదారు. వెనక వాలులో ఇంకో చోట కూడా కోసి చూశాం, ఎందుకంటే ఒక వాలుకు మాత్రమే అదనపు పొర వేసిన ఇళ్లు తక్కువేమీ కాదు. అక్కడా మూడే. కోతల్లో రేకు దూర్చి సీల్ చేశాం.

పై పొర మేకులు 1¼ అంగుళాలవి. రెండు ఆస్ఫాల్ట్ పొరలు దాటాక ఆ మేకు దిగింది ఎండి చీలిన దేవదారులోకి, చాలా చోట్ల కింద పట్టీ కూడా లేదు. షింగిల్స్ పదేపదే లేవడానికి కారణం అక్కడ తేలింది.

పైన ఇంకో పొర వేయడమన్న మాట దీంతో ముగిసిపోయింది. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం ఇప్పటికే రెండు లేదా అంతకన్నా ఎక్కువ పొరలుంటే కొత్తది వేసేముందు అన్నీ తీయాల్సిందే. కోడ్ మాట పక్కనబెట్టినా, మేకుకు పట్టే లేని చోట నాలుగో పొర ఎందుకు?

బరువు, చెత్త, పరీక్షలు

ఒక పొర త్రీ-ట్యాబ్ స్క్వేరుకు సుమారు 225 పౌండ్లు. రెండు పొరలు 450. ఎండిన దేవదారు ఇంకో 150 వేసుకుంటే స్క్వేరుకు 600 పౌండ్లు. 14 స్క్వేర్లకు 8,400 పౌండ్లు, అంటే 4.2 టన్నులు. ఎస్టిమేట్లలో రాసిన ఒక పొర లెక్క అయితే 1.6 టన్నులే. ఆ లెక్కమీద 2 టన్నుల పరిమితి ఉన్న డంప్‌స్టర్ (చెత్త వేసే పెద్ద ఇనుప డబ్బా) తెప్పిస్తే మిగతా బరువుకు టన్నుకింత అని అదనపు బిల్లు వస్తుంది, ఆ బిల్లు ఎవరిదన్న పేచీ పని మధ్యలో మొదలవుతుంది. మేం 15 క్యూబిక్ యార్డుల డబ్బాలు రెండు, ఒకటి వెళ్లాక ఇంకొకటి వచ్చేలా చెప్పాం. ఒకే పెద్ద డబ్బా వద్దనుకోవడానికి కారణం పాత తారు డ్రైవ్‌వే. 4 టన్నులు ఒకేచోట నిలిస్తే చక్రాల కింద గుంట పడుతుంది. చిన్న డబ్బాలకు కూడా చక్రాల కింద 2×10 పలకలు వేయించాం.

బరువు లెక్కతో ఇంకో ఉపయోగం ఉంది. పాత కప్పు చదరపు అడుగుకు 6 పౌండ్లు మోస్తోంది. కొత్తగా అర అంగుళం ప్లైవుడ్ 1.5, ఆర్కిటెక్చరల్ షింగిల్స్ (పొరలు అతికించిన మందపాటి రకం) సుమారు 2.5, మొత్తం 4. అంటే 2×6 వాసాల మీద భారం తగ్గుతుంది. ప్లైవుడ్ అదనంగా వేస్తే వాసాలు తట్టుకుంటాయా అన్న ఇంటావిడ సందేహానికి ఈ కూడికే జవాబు.

ఆ కాలపు ఆస్ఫాల్ట్ షింగిల్స్‌లో, వాటి కింద పరిచే తారు కాగితం ఫెల్ట్‌లో, తారు ముద్దల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. నాలుగు లేదా అంతకన్నా తక్కువ కుటుంబాలు ఉండే ఇళ్లకు ఫెడరల్ ఆస్బెస్టాస్ కూల్చివేత నిబంధన నుంచి మినహాయింపు ఉన్నా, పీకే కూలీల ఊపిరితిత్తులకు మినహాయింపు లేదు. రెండు ఆస్ఫాల్ట్ పొరల నుంచి, చిమ్నీ తారు నుంచి నమూనాలు ల్యాబ్‌కు పంపాం. లేదని వచ్చింది. ఉందని వచ్చి ఉంటే ఈ పని లైసెన్సున్న వేరే బృందానిది అయ్యేది. ఇల్లు 1978కి ముందుది కాబట్టి చూరు పలకల పాత రంగులో సీసం ఉందనే అనుకుని నడిచాం. బయట 20 చదరపు అడుగులకు మించి పాత రంగు కదిలిస్తే ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న సంస్థే ఆ పని చేయాలి.

పర్మిట్ విషయం. న్యూజెర్సీలో 2018 నుంచి ఒకటి రెండు కుటుంబాల విడి ఇళ్లకు రూఫింగ్ మార్పును సాధారణ నిర్వహణ కింద లెక్కేస్తారు, పర్మిట్ అక్కర్లేదు. ఇక్కడ మాత్రం అసలు లేని డెక్ కొత్తగా వేస్తున్నాం. అది ఆ మినహాయింపులోకి వస్తుందని ఊహించుకోకుండా టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసును ముందే అడిగి, వాళ్లు చెప్పినట్టే చేశాం.

పట్టీలు పీకాలా, ఉంచాలా

ఇదే అసలు నిర్ణయం. రెండు దారులున్నాయి. పట్టీలన్నీ పీకేసి వాసాల మీద నేరుగా ప్లైవుడ్ కొట్టడం ఒకటి, పట్టీల మీదే ప్లైవుడ్ వేయడం రెండోది.

పీకేస్తే మందం తగ్గుతుంది, చూరు అంచు శుభ్రంగా వస్తుంది, వాసాలన్నీ కళ్లారా చూడొచ్చు. కాని ఈ ఇంట్లో వాలు సీలింగ్ వాసాల అడుగునే ఉంది. పట్టీ తీస్తే కింద వేడిని ఆపే దూదిలాంటి రాక్‌వూల్, దాని కింద ప్లాస్టర్. కాలు జారితే పడక గదిలో తేలతారు. పైగా పట్టీలే వాసాలను పక్కకు ఒరగకుండా పట్టి ఉంచాయి, అన్నీ ఒక్కసారి తీస్తే వాసాలు కదిలి ప్లాస్టర్ పగుళ్లిస్తుంది. అందుకని గట్టిగా ఉన్న పట్టీలను అలాగే ఉంచి, పుచ్చినవి మార్చి, పైన అర అంగుళం సీడీఎక్స్ (కట్టడాలకు వాడే రకం) ప్లైవుడ్ వేయాలని నిర్ణయించాం. 1,400 చదరపు అడుగులను ఒక షీటు వైశాల్యం 32తో భాగిస్తే 44 షీట్లు, కోతల వృథాకు పదోవంతు కలిపి 48.

అయితే మేకు పట్టీలో ఆగిపోతే చాలదు, వాసంలోకి దిగాలి. ప్లైవుడ్ అర అంగుళం, పట్టీ ముప్పావు, కలిపి 1¼ అంగుళాలు. రెండున్నర అంగుళాల రింగ్ షాంక్ (ఒంటినిండా గాట్లున్న) మేకు వాడితే వాసంలోకి ఇంకో 1¼ దిగుతుంది. అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్యలో 12కొకటి. వాసాలు పేరుకు 16 అంగుళాల దూరం, కొలిస్తే కొన్నిచోట్ల పదిహేనున్నర, కొన్నిచోట్ల 17. అందుకే ప్లైవుడ్ పడకముందే ప్రతి వాసం గుర్తును చూరు దగ్గర, కొప్పు దగ్గర పెట్టుకుని, షీట్ పడగానే సుద్ద దారం కొట్టాం. ఈ గుర్తులు మరిచిపోతే తర్వాత దొరకవు, మేకులు గాల్లోకి దిగినా పైనున్నవాడికి తెలియదు.

మొదటి పద్ధతి ఎందుకు కుదరలేదు

పని వెనక వాలుతో మొదలైంది. అలవాటైన పద్ధతిలోనే కొప్పు మీది క్యాప్ షింగిల్స్ తీసి, షింగిల్ ఫోర్క్ అనే పళ్ల పారను పై అంచున దూర్చి కిందికి తోసుకుంటూ వచ్చారు. ప్లైవుడ్ డెక్ మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బరువు కూడా కిందికే కాబట్టి పొరలు చాపలా చుట్టుకుంటూ జారతాయి.

ఇక్కడ మూడు చిక్కులొచ్చాయి. ఫోర్క్ పళ్లు ప్రతి ఒకటిన్నర అంగుళాల సందులోకి దిగి కింది పట్టీ పై అంచుకు తగులుతున్నాయి. గట్టిగా తోస్తే షింగిల్‌కు బదులు పట్టీ లేస్తోంది. డెబ్భై ఏళ్ల ఎండిన చెక్క మేకు దగ్గరే చీలుతుంది, ఎనిమిది పట్టీలు అలా పోయాయి. రెండోది, మూడు పొరలూ ఒకేసారి లేపబోతే దేవదారు ముక్కలై సందుల్లోంచి అటకలో పడుతోంది, ఇసుకలాంటి ఆస్ఫాల్ట్ రేణువులతో సహా. మూడోది, పైన నడిచేవాడికి ఎక్కడ పట్టీ ఉందో ఎక్కడ సందుందో చెత్త కింద కనబడదు. మధ్యాహ్నానికి పని ఆపించాం.

మార్చిన పద్ధతి

ముందు లోపలి పని. పొట్టి గోడల వెనక వాసాల అడుగున 6 మిల్ మందపాటి ప్లాస్టిక్ షీటును స్టేపుల్ చేసి జోలెలా కట్టాం. వాలు సీలింగ్ ఉన్న చోట అలా కట్టడానికి వీల్లేదు, అక్కడ చెత్త రాక్‌వూల్ మీదే పడుతుంది. ప్లైవుడ్ మూసేముందు దాన్ని పైనుంచే షాప్ వ్యాక్ అనే పెద్ద వాక్యూమ్‌తో లాగేయాలి. మూశాక దాన్ని తీయడం ఎవరివల్లా కాదు.

తర్వాత పొరలను విడదీశాం. రెండు ఆస్ఫాల్ట్ పొరలను మాత్రం పైనుంచి కిందికి ఫోర్క్‌తోనే తీశారు, కాకపోతే పిడిని కిందికి వంచి, పళ్లు దేవదారు మీద జారేలా, లోతుకు పోకుండా. అప్పుడు దేవదారే తాత్కాలిక డెక్‌గా పనికొచ్చింది. దాన్ని తీయడానికి పళ్లులేని చదును పార వాడారు, కిందికి కాకుండా పక్కకు, పట్టీ పొడవునా తోస్తూ. పార అంచు ఒకే పట్టీ మీద సాగుతుంది కాబట్టి సందులో పడదు, పట్టీని ఎత్తదు. వేగం తగ్గింది, స్క్వేరుకు పట్టే సమయం సుమారు రెట్టింపు. కాని ఆ తర్వాత రెండు వాలుల్లో కలిపి విరిగినవి రెండే పట్టీలు.

దేవదారు పోయాక మేకులు మిగులుతాయి. ఒక్కో షింగిల్‌కు రెండు చొప్పున, పట్టీల నిండా ముళ్లలా. అన్నీ పీకబోతే చెక్క చీలుతుంది. కదులుతున్నవి పీకి, బిగుసుకున్నవి తల మునిగేదాకా కొట్టేశారు. చేత్తో తడమడంకన్నా చదును పారను ఒకసారి పట్టీ మీద ఈడ్చడం మేలు. ఎక్కడ టక్కుమంటే అక్కడ మేకు ఉన్నట్టు. ఒక్క తల పైకి మిగిలినా ప్లైవుడ్ అక్కడ ఉబ్బుతుంది, రెండేళ్లకు షింగిల్ మీద గుండ్రటి బుడిపె కనబడుతుంది.

భద్రత విషయంలో ఈ రకం కప్పుకు ప్రత్యేకమైన మాట ఒకటుంది. 6 అడుగులు దాటిన ఎత్తులో ఓషా (అమెరికా కార్మిక భద్రత సంస్థ) పడకుండా రక్షణ అడుగుతుంది, తాడు కట్టే యాంకర్ కొక్కెం మనిషికి 5,000 పౌండ్లు తట్టుకోవాలి. ముప్పావు అంగుళం పట్టీకి బిగించిన యాంకర్ ఆ బరువును కలలో కూడా ఆపదు. యాంకర్లను, కాళ్లకు ఆనుగా పెట్టే రూఫ్ జాక్‌లను గుర్తుపెట్టిన వాసాల్లోకే దించారు. కొత్త షింగిల్ కట్టలను కూడా ప్లైవుడ్ పడ్డాకే పైకి ఎక్కించారు.

ఒక రోజుకు ఎంత విప్పాలి

పట్టీల కప్పు విప్పితే ఇల్లు ఆకాశానికి తెరిచినట్టే. ప్లైవుడ్ డెక్ అయితే చినుకు పడినా కాసేపు ఆపుతుంది, ఇది ఆపదు. కాబట్టి విప్పగలిగింది ఎంత అని కాదు, సాయంత్రానికి మూసేయగలిగింది ఎంత అని లెక్క వేశాం. ప్లైవుడ్ చూరు నుంచి పైకి వస్తుంది, పీకడం కొప్పు నుంచి కిందికి వస్తుంది. అందుకే అడ్డ వరసలుగా విడగొట్టడం కుదరదు, నిలువు పట్టాలుగానే విడగొట్టాలి. వాలును నిలువునా సగం చేసి రోజుకు 19 అడుగుల వెడల్పు, అంటే సుమారు 3.3 స్క్వేర్లు తీసుకున్నాం. పీకడం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆగాలి, అప్పటికి ఎంతవరకు వచ్చినా సరే.

రాత్రికి బలహీనమైన చోటు కొత్త సగానికీ పాత సగానికీ మధ్య అతుకు. అండర్‌లేమెంట్‌ను (ప్లైవుడ్ మీద, షింగిల్స్ కింద పరిచే షీటు) రెండడుగులు అదనంగా వదిలి పాత షింగిల్స్ మీదికి పరిచి, దాని మీద టార్పాలిన్‌ను కొప్పు దాటించి అవతలి వాలు మీదికి వేసి, అంచును 1×3 చెక్కలతో బిగించాం. టార్పాలిన్ పై అంచు కొప్పు ఇవతలే ఆగితే నీళ్లు దాని కిందనుంచే దిగుతాయి. అక్టోబర్‌లో చేయడం కలిసొచ్చింది. చూరున నీళ్లు లోపలికి దిగకుండా అంటించే ఐస్ అండ్ వాటర్ మెంబ్రేన్ జిగురు సుమారు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోతే సరిగా అంటదు, మండు వేసవిలో పాత పొరలు ఒకదానికొకటి కరుచుకుని ఊడిరావు.

విప్పాక బయటపడ్డవి

ముందు చూరున మొదటి మూడు వరసల పట్టీలు పుచ్చాయి, రెండు వాసాల కొనలు వేలితో గుచ్చితే దిగేంత మెత్తబడ్డాయి. పుచ్చిన కొన కోసేసి, నాలుగడుగుల కొత్త 2×6 ముక్కను పక్కన జతచేసి బోల్టులు వేశారు. చలికాలం చెమ్మకు మూలం ఇదే. మంచు ఆనకట్ట వెనక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి ఎక్కుతోంది, ఆపడానికి అక్కడ మెంబ్రేనే లేదు. కోడ్ ప్రకారం మెంబ్రేన్ చూరు అంచు నుంచి గోడ గీత దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి పోవాలి. ఆ కొలత అడ్డంగా తీసుకునేది. చూరు 10, గోడ దాటి 24, మొత్తం 34. 9:12 వాలులో దాన్ని 1.25తో గుణిస్తే వాలు వెంట 42.5 అంగుళాలు. ఒక 36 అంగుళాల చుట్ట చాలదు, రెండు వరసలు కావాలి. ఒక వరస పరిచి పని అయిందనుకునే కప్పులు చాలా ఉంటాయి, ఎందుకంటే కింద నిలబడి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

వెనక చిమ్నీ దగ్గర అసలు లీకు దొరికింది. చిమ్నీ కొప్పుకు సమాంతరంగా 36 అంగుళాల వెడల్పు ఉంది. 30 దాటితే దాని ఎగువ వైపు నీటిని రెండు పక్కలకు మళ్లించే చిన్న గోపురంలాంటి క్రికెట్ ఉండాలి. ఇక్కడ లేదు. ఆకులు, మంచు, నీళ్లు అన్నీ చిమ్నీ వీపు వెనక నిలబడుతున్నాయి. పక్కలకున్న స్టెప్ ఫ్లాషింగ్ (చిమ్నీ, కప్పు కలిసేచోట మెట్లలా వేసే రేకు ముక్కలు) మొదటి దేవదారు కప్పు నాటిది. తర్వాత వేసిన రెండు పొరలూ దాన్ని పాతిపెట్టేసి, పైన తారుతో కప్పేశాయి. అంటే పై పొర మీద పారే నీటికి ఫ్లాషింగే లేనట్టు. తారు ఎన్నిసార్లు పూసినా నిలవకపోవడంలో వింతేముంది?

పాత ఫ్లాషింగ్ మొత్తం తీసేశారు. ప్లైవుడ్‌తో క్రికెట్ కట్టి మెంబ్రేన్ చుట్టారు. ఒక్కో షింగిల్ వరసకు ఒక్కో కొత్త స్టెప్ ఫ్లాషింగ్, దానిమీద ఇటుకల సందును అంగుళం లోతు కోసి దూర్చిన పై రేకు, అంటే కౌంటర్ ఫ్లాషింగ్. ఇటుక ముఖం మీద సీలెంట్‌తో అంటించే రకం వాడలేదు, అది సీలెంట్ ఉన్నన్నాళ్లే. డార్మర్ పక్క గోడల దగ్గర కూడా అంతే. మూడు పొరలు పోవడంతో సైడింగ్ (గోడ బయటి పలకలు) కింద అంగుళానికి పైగా ఖాళీ బయటపడింది, ఇంటివాళ్లు కంగారుపడ్డారు. ఆ ఖాళీ నిజానికి ఉండాలి, సైడింగ్ కొన షింగిల్స్‌కు తగిలితే నీళ్లు పీల్చి పుచ్చుతుంది.

చూరు అంచు మందం ఇప్పుడు పట్టీ, ప్లైవుడ్ కలిపి 1¼ అంగుళాలు. మామూలు డ్రిప్ ఎడ్జ్ (కప్పు అంచుకు వేసే రేకు) ముఖం దాన్ని సరిగా కప్పదు, వెడల్పు ముఖం ఉన్నది తెప్పించాం. చూరున డ్రిప్ ఎడ్జ్ మీదికి అండర్‌లేమెంట్, రేక్ దగ్గర అండర్‌లేమెంట్ మీదికి డ్రిప్ ఎడ్జ్.

గాలి సంగతి

పాత దేవదారు కప్పుకు ఒక సుగుణం ఉండేది, సందుల్లోంచి అటక ఊపిరి పీల్చేది. ప్లైవుడ్, సింథటిక్ అండర్‌లేమెంట్‌తో ఇప్పుడు దాన్ని మూసేస్తున్నాం. ఏర్పాటు చేయకపోతే లోపలి తేమ కొత్త ప్లైవుడ్ అడుగున నీరు కడుతుంది. ఇంటి వైశాల్యం 936 చదరపు అడుగులను కోడ్ నిష్పత్తి ప్రకారం 300తో భాగిస్తే 3.12 చదరపు అడుగులు, అంటే సుమారు 450 చదరపు అంగుళాల గాలి దారి కావాలి. అందులో సగం కొప్పున, సగం చూరున. కొప్పు దగ్గర ఇబ్బంది లేదు, అడుగుకు 18 చదరపు అంగుళాల రిడ్జ్ వెంట్ 13 అడుగులు వేసినా చాలు, మేం కొప్పు పొడవునా వేశాం. చిక్కంతా చూరు వైపు. చూరు అడుగున ఉన్న పాత సాఫిట్ రంధ్రాలు రంగుతో పూడుకుపోయాయి, కొత్త స్ట్రిప్ వెంట్లు కోయాల్సి వచ్చింది. వాలు సీలింగ్ పైన వాసాల మధ్య రాక్‌వూల్ మీద ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల సందు చాలా బేల్లో (రెండు వాసాల మధ్య అరల్లో) ఉంది. జారి ముద్దకట్టిన బేల్లో రెండేసి పట్టీలు తీసి, పైనుంచే సర్ది, గాలి దారి తెరిచి ఉంచే సన్నటి బాఫిల్స్ దించాం. ప్లైవుడ్ పడ్డాక చేయలేని పనుల్లో ఇది రెండోది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అటకలోనే ఆగిపోయి ఉంటే దాన్ని కప్పు దాటించి బయటికి తీశాం.

ఫలితం

ఆ చలికాలంలో రెండు పెద్ద ఈశాన్య తుఫాన్లు వచ్చాయి. మరక పెరగలేదు, ఒక షింగిల్ లేవలేదు. ఒక్కో షింగిల్‌కు ఆరు మేకులు వేశాం, ఈసారి అవి ప్లైవుడ్‌లోకి దిగాయి. ఫిబ్రవరిలో పొట్టి గోడ వెనక ప్లైవుడ్ అడుగున తేమ 12 నుంచి 14 శాతం చూపించింది, ఉత్తరం వైపున కూడా. ముందు చూరున ఒకచోట మాత్రం చిన్న మంచుగడ్డ కట్టింది. దానికి కారణం పైకప్పు కాదు, పొట్టి గోడ అడుగునుంచి లీకవుతున్న వేడిగాలి. అది ఇన్సులేషన్ వాళ్ల పని.

ఎస్టిమేట్ తీసుకునేవాళ్లకు

ఇలాంటి ఇల్లున్నవాళ్లు కాంట్రాక్టర్‌ను ముందు అడగాల్సింది ధర కాదు, పొరలు ఎక్కడ లెక్కపెట్టారని. అటకలోకి వెళ్లకుండా ఇచ్చిన ఎస్టిమేట్‌కు ఈ రకం ఇళ్లలో విలువ తక్కువ. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన గృహ మరమ్మతు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, కాంట్రాక్టర్‌కు రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితంలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: ఎన్ని పొరల తొలగింపు, అదనపు పొర తేలితే స్క్వేరుకు ఎంత, ప్లైవుడ్ షీటుకు ఎంత, పట్టీ అడుగుకు ఎంత, డంప్‌స్టర్ టన్నుల పరిమితి, అది దాటితే భారం ఎవరిది. ఫ్లాషింగ్ గురించి “అవసరమైతే మారుస్తాం” అని ఉంటే కొట్టేయించి “పూర్తిగా కొత్తది” అని రాయించండి. పాతది ఎలా ఉందో విప్పేదాకా ఎవరికీ తెలియదు, విప్పిన రోజు బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ ఇంటి గరాజ్ కప్పు తర్వాత విడిగా కట్టినది. అక్కడా ఒక కోత పెట్టి చూశాం. ఒకే పొర, కింద గట్టి ఓఎస్‌బీ (చెక్క ముక్కలు అతికించి చేసిన పలక) డెక్, షింగిల్స్ రేణువులు ఇంకా నిలిచి ఉన్నాయి. రంగు కలవదని ఇంటివాళ్లు దాన్ని కూడా మార్పించాలనుకున్నారు. ఇంకా కొన్నేళ్లు నిలిచే కప్పు అది, అలాగే వదిలేశాం.